కట్టు విప్పిన మర్నాటి నుంచి

భిలాయి పవర్‌హౌస్ స్టేషనులో తూర్పుకు పోయే రైలు ఎక్కారనుకోండి. రాయపూర్, బిలాస్‌పూర్ దాటాక, బయలుదేరిన చోటికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో చాంపా అనే ఊరు వస్తుంది. భిలాయి తెలుగువారికి కొత్త ఊరేమీ కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలంలోనే మన ఉత్తర కోస్తా జిల్లాల వాళ్లు ఎందరో ఆ ఉక్కు కర్మాగారంలో పనికి చేరారు. వారి పిల్లలు, మనవలు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నారు. అలాంటి ఊళ్లో చేతికి ఆపరేషన్ అంటే ఎవరికైనా ముందుగా తోచేది యంత్రంలో నలిగిన చెయ్యి, లేదా కొలిమి వేడికి కాలిన చెయ్యి.

చాంపాలో తోచేది వేరు. కోసా పట్టు నేతకు, కంచు సామానుకు, బంగారు పనికి పేరుపడ్డ ఊరది. మూడూ వేళ్ల కొసల మీద బతికే వృత్తులే. ఆ ఊళ్లోనే 1902లో పి.ఎ. పెన్నర్ అనే మెన్నొనైట్ మిషనరీ కుష్ఠు రోగుల కోసం ఒక ఆశ్రమం తెరిచాడు. కాలక్రమాన అది ఆసుపత్రి అయింది. కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేసే చోట్లలో ఈనాడు అదీ ఒకటి. 2005 డిసెంబరు నాటికి మన దేశంలో చికిత్స పొందుతున్న కుష్ఠు రోగుల సంఖ్య 10,000 జనాభాకు ఒకరి కంటే తగ్గింది. ఛత్తీస్‌గఢ్ మాత్రం ఆ తరువాత కూడా చాలా ఏళ్లు ఆ గీతకు పైనే ఉండిపోయింది.

చాంపాలో ఒక నేతగాడిని ఊహించుకుందాం. మనిషి ఊహే గాని, ఆయన చేతికి జరగబోయేది మాత్రం ఊహ కాదు. వయసు నలభై. రెండేళ్ల కిందట కుడి చేతి చిటికెన వేలు మొద్దుబారింది. పట్టించుకోలేదు. తరువాత ఉంగరం వేలు. ఆ తరువాత వేళ్లన్నీ నెమ్మదిగా కొక్కేల్లా లోపలికి ముడుచుకుపోయాయి. మందులు వాడాడు, వ్యాధి నయమైంది. కాని వేళ్లు అలాగే ఉన్నాయి. నాడె పట్టుకోవాలంటే ముందు చెయ్యి తెరుచుకోవాలి కదా! తెగిన పడుగు పోగును ముడివేయాలంటే రెండు వేళ్ల మెత్తని కొసలు ఒకదానికొకటి తగలాలి. ఆయనకు తగిలేవి గోళ్లే.

అన్నం సంగతి కూడా చూడండి. మీరు ముద్ద కలిపేటప్పుడు మీ వేళ్లు ఏ ఆకారంలో ఉంటాయో ఎప్పుడైనా గమనించారా? అరచేతి దగ్గరి కణుపులు వంగి ఉంటాయి, వేళ్లు మాత్రం దాదాపు చాపుకుని ఉంటాయి. దోసిలి పట్టినా అంతే. ఈ పని చేసేవి అరచేతిలోనే పుట్టి అరచేతిలోనే ముగిసే చిన్న చిన్న కండరాలు. వాటిలో ఎక్కువ భాగానికి ఆజ్ఞలు తెచ్చేది అల్నార్ నాడి. మోచెయ్యి దేనికైనా కొట్టుకున్నప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, ఆ నాడే.

ఇప్పుడు ఇంకొక పని చేయండి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని, కుడి పిడికిలి గట్టిగా బిగించండి. కండరాలు కదులుతున్నది ఎక్కడ? వేళ్లలో కాదు, మోచేతికి కాస్త దిగువన. వేళ్లలో అసలు కండరాలే లేవు. వేళ్లను బలంగా ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి స్నాయుబంధనాలు మణికట్టు మీదుగా వేళ్ల కొసల దాకా సాగుతాయి. తోలుబొమ్మను ఆడించేవాడు తెర వెనుక ఉన్నట్టన్నమాట. మన నేతగాడి చేతిలో చచ్చుబడినవి అరచేతిలోని చిన్న కండరాలు. ముంజేతిలోని పెద్ద కండరాలు చాలావరకు బాగానే ఉన్నాయి. వాటిని ఎదిరించి వేళ్లను సమతూకంలో నిలిపేవి లేకపోవడం వల్లే చెయ్యి పక్షి గోరులా ముడుచుకుంది.

ఇంత చిన్న విషయం వైద్యలోకానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని చూశాడు. మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రికి ఆ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవారు. అప్పట్లో అక్కడ ఇచ్చేది హిడ్నోకార్పస్ గింజల నూనె సూదిమందు. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో సల్ఫోను మందుల వాడకం మొదలయ్యాక గాని నమ్మదగిన చికిత్స దొరకలేదు. ఆ మందులు సూక్ష్మజీవిని చంపగలిగాయి. వంగిన వేలిని చాపలేకపోయాయి. వేళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ చేతుల్లో ‘చెడ్డ మాంసం’ ఉంటుందని, కోస్తే గాయం మానదని, వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని జనంతో పాటు వైద్యులూ నమ్మేవారు.

ఈ నమ్మకానికి మొదటి దెబ్బ తగిలింది 1947లో, మద్రాసుకు దక్షిణాన చెంగల్పట్టులో. పాల్ బ్రాండ్ అనే యువ శస్త్రవైద్యుడు అంతకు కొద్దికాలం ముందు, 1946 చివర్లో, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరాడు. ఆయన పుట్టింది 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో, మిషనరీ దంపతులకు. లండన్‌లో వైద్యం చదవకముందు కొన్నేళ్లు ఇళ్లు కట్టే పని, వడ్రంగం నేర్చుకున్నాడు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ఉంది.

చెంగల్పట్టు లేడీ విల్లింగ్డన్ ఆసుపత్రిలో కుష్ఠు నిపుణుడు రాబర్ట్ కాక్రేన్ ఆయనకు రోగులను చూపిస్తున్నాడు. వంకర వేళ్లున్న ఒక రోగిని బ్రాండ్ ఆపి, తన చేతిని అతని చేతిలో పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. నీరసమైన పట్టు ఉంటుందనుకున్నాడు. ఆ పట్టుకు నొప్పితో విలవిల్లాడిపోయాడు! అంటే ఆ చేతిలో బలం ఉంది, ఉన్న బలానికి దారి తప్పింది. ఈ చేతులను ఎముకల వైద్యులు ఎవరైనా పరిశీలించారా అని అడిగితే, లేదనే జవాబు వచ్చింది.

ఆ తరువాత బ్రాండ్, ఆయన సహచరులు మరణించిన రోగుల చేతుల్లో నాడులను అంగుళం అంగుళం పరీక్షించారు. ప్రతి చేతిలోనూ నాడి ఉబ్బింది కొన్ని చోట్లనే: మోచేతికి కాస్త ఎగువన, మణికట్టు దగ్గర. చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్లు. కుష్ఠు సూక్ష్మజీవికి చల్లదనం ఇష్టం. అందుకే ముంజేతి లోతున ఉన్న కండరాలకు పోయే నాడీ శాఖలు తరచు దెబ్బతినకుండా బయటపడతాయి. శస్త్రవైద్యుడికి ఇంతకంటే మంచి వార్త ఉండదు. ఎప్పటికీ చచ్చుబడని కండరాలేవో ముందే తెలిసిందన్నమాట. వాటిలో ఒకదాన్ని అరువు తెచ్చుకోవచ్చు.

అరువు ఎలా తెస్తారు? ప్రతి వేలికీ ముడిచే తాళ్లు రెండేసి ఉంటాయి: ఒకటి పైపొరలో, ఒకటి లోతులో. అరచెయ్యి పైకి వచ్చేలా చేతిని బల్ల మీద పెట్టి, మిగతా మూడు వేళ్లను ఎడమ చేత్తో నొక్కిపట్టి, మధ్య వేలిని వంచండి. మధ్య కణుపు వంగుతుంది, కొస కణుపు వదులుగా వేలాడుతుంది. ఇప్పుడు మీరు పైపొర తాడును ఒంటరిగా లాగారు. దాన్ని తీసేసినా లోతు తాడు పిడికిలి బిగించగలదు. ఆ మిగులు తాడును వేలి దగ్గర కోసి, నాలుగు పాయలుగా చీల్చి, అరచేతి గుండా పోనిచ్చి, ఒక్కొక్క పాయను ఒక్కొక్క వేలి పక్కన కుట్టేస్తారు. అమెరికా శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ నాడులు తెగిన చేతులకు వాడిన ఉపాయమిది. ఆయన 1944లో ప్రచురించిన గ్రంథం రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల చేతులకు ఆధారమైంది. యుద్ధంలో చేతులు పోగొట్టుకున్నవారి కోసం పుట్టిన విద్య, ఊరు వెలివేసిన వారికి పనికొచ్చింది. బ్రాండ్ 1948లో ఈ శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. తరువాత మణికట్టును వెనక్కి వంచే కండరాన్ని, దానికి అతుకుగా పిక్కలోని సన్నటి తాడును వాడే పద్ధతినీ రూపొందించాడు. 1952లో లండన్ రాయల్ కాలేజీలో హంటర్ స్మారకోపన్యాసం ఇచ్చినప్పుడు ఆయన చెప్పింది ఈ చేతుల గురించే. గాయాలు మానాయి. ‘చెడ్డ మాంసం’ అన్నది అబద్ధమని తేలింది.

మామూలుగా ఇలాంటి చరిత్రలు ఇక్కడ ఆగిపోతాయి: శస్త్రవైద్యుడు గెలిచాడు, రోగి నమస్కరించాడు అంటూ. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. వేళ్లు చాపగలిగిన రోగులు ఇళ్లకు పోయి, కొన్నాళ్లకు తిరిగి వచ్చారు. వంకర చేతులు చూసి బిచ్చం వేసేవాళ్లు ఇప్పుడు వేయడం లేదు. కుష్ఠు వచ్చిన మనిషికి పని ఇచ్చేవాళ్లూ లేరు. బాగుపడిన చెయ్యి బిచ్చానికి పనికిరాకుండా పోయింది, అంతే.

అందుకే 1950లో వెల్లూరు కళాశాల ఆవరణలోనే నవజీవ నిలయం వెలిసింది. కొన్ని చిన్న ఇళ్లు, ఒక పనిశాల. బ్రాండ్ తన పాత వడ్రంగం బయటికి తీశాడు. ఆపరేషన్ అయిన యువకులు ఆయన దగ్గర చెక్కబొమ్మలు చేయడం నేర్చుకున్నారు. నా దృష్టిలో చేతి శస్త్రచికిత్స చరిత్రలో ఆపరేషన్ గదికి ఎంత చోటు ఉందో, ఈ వడ్రంగి పాకకు అంత చోటు ఉండాలి. ఎందుకంటే చేతిపని చేస్తూ కోలుకునే మనిషి జీవితం రోజుకు రోజు, గంటకు గంట పరిశీలనకు వచ్చింది అక్కడే.

ఏం కనబడింది? శస్త్రచికిత్స కదలికను తిరిగి తెచ్చింది గాని స్పర్శను తేలేదు. స్పర్శ లేని చెయ్యి పనిముట్టును ఎంత గట్టిగా పట్టుకున్నదీ తెలుసుకోలేదు, కాబట్టి అవసరానికి మించి బిగిస్తుంది. మనం ఒకేచోట ఒత్తిడి పడితే తెలియకుండానే పట్టు మారుస్తాం. ఆ చేతులు మార్చవు. ఒకసారి తుప్పుపట్టిన తాళాన్ని బ్రాండ్ తియ్యలేకపోతే, ఒక రోగి కుర్రాడు చెవిని అవలీలగా తిప్పేశాడు. చూస్తే వాడి వేలి చర్మం ఎముక దాకా చీలి రక్తం కారుతోంది. వాడికి తెలియనే తెలియదు! అప్పటి నుంచి ప్రతి చేతినీ రోజూ చూసి, ప్రతి గాయానికీ కారణం వెతికి రాసిపెట్టడం మొదలుపెట్టారు. చాలావరకు కారణాలు దొరికాయి. పిడి ఒరిపిడి, వేడి గిన్నె, దీపం సెగ. రాత్రికి రాత్రి వేలి ముక్క మాయమైన వింత కేసు ఒకటి మిగిలింది. కాపు కాస్తే దొంగ దొరికాడు, ఎలుక! నొప్పి తెలియని మనిషి నిద్రపోతుండగా కొరికింది. ఆ తరువాత ఇళ్లకు వెళ్లే రోగులకు ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. నవ్వు తెప్పించే మందుచీటీయే గాని, శాస్త్రీయ పద్ధతి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ పిల్లి సంగతే చెబుతుంటాను.

వెల్లూరులో పుట్టిన ఈ విద్య 1955లో మొదలైన కరిగిరి కేంద్రానికి, అక్కడ ఎర్నెస్ట్ ఫ్రిట్షి చేతుల్లోకి వెళ్లింది. చెంగల్పట్టులో హెచ్. శ్రీనివాసన్, బొంబాయిలో ఎన్.హెచ్. అంటియా దీన్ని సొంత దారుల్లో పెంచారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణీ కుముదినీ దేవి 1958లో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం మన ప్రాంతంలో ఈ రోగులకు నీడ అయింది. బ్రాండ్‌కు 1960లో లాస్కర్ పురస్కారం లభించింది. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్‌కు వెళ్లాడు, 2003లో మరణించాడు.

ఇక మన చాంపా నేతగాడి దగ్గరికి వద్దాం. ఆయన ఆపరేషన్ బల్ల ఎక్కడానికి ముందే కొన్ని వారాలు నడుస్తాయి. బిగుసుకుపోయిన కణుపులకు రోజూ నీళ్లలో నానబెట్టడం, నూనె మర్దన, మెల్లగా సాగదీయడం. తలుపు మొరాయిస్తుంటే కొత్త తాడు కట్టి లాభం లేదు కదా. ఆపరేషన్ అయ్యాక సుమారు మూడు వారాలు చేతికి పిండికట్టు. వేళ్లు ముద్ద కలిపే భంగిమలోనే కట్టులో ఉంటాయి. ఈ మూడు వారాలూ ఎడమ చేత్తో తినాలి. మన దేశంలో ఇది చిన్న ఇబ్బంది కాదు, పంక్తిలో కూర్చుంటే తెలుస్తుంది. చొక్కా గుండీ భార్య పెట్టాలి. మగ్గం మీద సగం నేసిన బట్టను తమ్ముడో, కొడుకో ముగించాలి. లేదా అది అలాగే దుమ్ము పట్టాలి. నేస్తేనే కూలి. ఇలాంటి ఆపరేషన్‌కు వచ్చే పేదలకు పోయిన కూలి కింద ప్రభుత్వం కొంత సొమ్ము ఇవ్వడం వెనుక ఉన్న లెక్క ఇదే. చెయ్యి ఎంత బాగుపడుతుందన్నా, ఇంట్లో గింజలు లేని మనిషి ఆసుపత్రికి రాడు.

కట్టు విప్పిన మర్నాడు ఆయనకు పెద్ద నిరాశ ఎదురవుతుంది. చెయ్యి సన్నబడి, చర్మం పొలుసులు దేలి ఉంటుంది. వేళ్లు చాపమని మనసులో అనుకుంటాడు. అవి కదలవు! తాడు కొత్త చోట కట్టారు గాని, మెదడుకు ఆ సంగతి తెలియదు. ఇన్నేళ్లుగా ఆ కండరానికి వెళ్లే ఆజ్ఞ ‘మధ్య వేలు ముడువు’ అనే. అందుకే ఫిజియోథెరపిస్టు ఒక తిరకాసు చెబుతుంది: వేళ్లు చాపడానికి ప్రయత్నించకు, మధ్య వేలిని ముడవడానికి ప్రయత్నించు. ఆయన ముడవాలనుకుంటాడు. నాలుగు వేళ్లూ మొదటి కణుపు దగ్గర వంగి, కొసలు చాపుకుంటాయి. పాత ఆజ్ఞతో కొత్త పని. ఇందాక మీ మధ్య వేలిని ఒంటరిగా వంచారు చూడండి, ఆ అభ్యాసాన్నే ఆపరేషన్‌కు ముందు ఆయనతో చేయిస్తారు, అరువు తెచ్చే కండరాన్ని ఆయన ముందుగానే గుర్తుపట్టాలని.

తరువాతి మూడు నాలుగు వారాలు మెదడుకు బడి. మొదట్లో చేతిని చూస్తూ చేయాలి, ఎందుకంటే స్పర్శ లేదు కాబట్టి కన్నే చెప్పాలి. ముందు ఊరికే కదలిక, తరువాత తేలిక వస్తువు పట్టి వదలడం, ఆ తరువాత పని. బరువు లాగే పనులకు దాదాపు మూడు నెలలు ఆగాలి. తొందరపడితే కుట్టిన చోటు సాగిపోతుంది. ఈ దశలో చేయించే అభ్యాసానికి ఇంగ్లీషులో ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అంటారు. అనువాదకులం దాన్ని ‘వృత్తి చికిత్స’ అని రాసేస్తుంటాం. నాకు ఆ మాట ఎప్పుడూ తృప్తినివ్వలేదు. వృత్తికి చేసే చికిత్సా, వృత్తితో చేసే చికిత్సా? ఈ నేతగాడికి కావలసింది రెండూ.

మగ్గం దగ్గరికి తిరిగి రావడానికి వెల్లూరు పాకలో నేర్చిన పాఠం ఒకటి పనికొస్తుంది. దాన్ని మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని సూత్రంతోనే చెప్పవచ్చు. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. ఐదు కిలోల బలం ఐదు చదరపు సెంటీమీటర్ల సన్నటి పిడి మీదుగా చర్మానికి తగిలితే ప్రతి చదరపు సెంటీమీటరుకూ ఒక కిలో పడుతుంది. అదే పిడికి పాత తువ్వాలు గుడ్డ చుట్టి, తగిలే చోటును 25 చదరపు సెంటీమీటర్లు చేస్తే 200 గ్రాములే. గాయానికీ, గాయం లేకపోవడానికీ మధ్య తేడా కొన్నిసార్లు ఒక గుడ్డ పేలిక. కంచు పని చేసేవాడికి అదే పట్టుకారు పిడికి, వంట చేసే ఇల్లాలికి అదే గరిటె కాడకు.

నాలుగో నెలలో ఆయన మగ్గం ఎక్కాడనుకుందాం. వేగం పాత వేగం కాదు. తెగిన పోగు ముడివేయడానికి ముందు దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుంటాడు. గంటకోసారి పని ఆపి అరచెయ్యి తిప్పి చూసుకుంటాడు. ఎర్రబడిన చోటు కనిపిస్తే ఆ పూటకు పని చాలిస్తాడు. సాయంత్రం చెయ్యి ఒక గిన్నెడు చల్లని నీళ్లలో ఇరవై నిమిషాలు నానాలి. చెమట పట్టని చర్మం తనంతట తాను తడి పుట్టించుకోలేదు. నానాక తుడవకుండానే నూనె రాయాలి, ఆ తడి ఆరిపోకుండా. రాత్రి దీపం దగ్గర కూతురు ఆయన వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది. చూపుడు వేలి పక్కన చిన్న నల్లటి చుక్క కనబడుతుంది. ఎప్పుడు కాలిందని అడుగుతుంది. ఆయనకు తెలియదు. ఇద్దరూ కూర్చుని, పొద్దుటి నుంచి ఆ చెయ్యి ఏమేం పట్టుకుందో గుర్తుచేసుకుంటారు. టీ గ్లాసు దగ్గర ఆగుతారు.